మొదటిరోజు పరీక్ష

రోగి ఛాతీలోని ధ్వనులను గొట్టము ద్వారా స్పష్టముగా వినవచ్చునని 1816 లో కనిపెట్టినవాడు ఫ్రెంచి వైద్యుడు రెనే లెన్నెక్. మొదట అతడు కాగితమును చుట్టి గొట్టముగా చేసి వినెను. పిమ్మట కొయ్యతో చేసికొనెను. నేటి స్టెతస్కోపునకు అదియే పూర్వరూపము. ఆ గొట్టముతో అతడు క్షయరోగుల ఊపిరితిత్తులను ఏండ్ల తరబడి విని, మరణించినవారి దేహములను కోసి చూచి, బయట వినబడిన ధ్వనికిని లోపలి పుండునకును గల సంబంధమును వివరించెను. 1826 లో, 45 ఏండ్ల వయస్సులో, అతడును క్షయతోనే మరణించెను.

క్షయరోగుల మధ్య జీవించిన వైద్యునకు క్షయ వచ్చుటలో వింత యేమున్నదని నేటి విద్యార్థికి తోచవచ్చును. కాని లెన్నెక్ పసివాడుగా ఉన్నప్పుడే చనిపోయిన అతని తల్లికి వచ్చినదియు క్షయయేనని చెప్పుదురు. అతనికి క్రిమి తల్లి ఒడిలో సోకినదా? ఆసుపత్రిలో సోకినదా? జవాబు చెప్పవలెనన్నచో, అతడు ఆసుపత్రిలో అడుగుపెట్టిన మొదటిరోజున అతని దేహములో ఆ క్రిమి ఉన్నదో లేదో తెలిసియుండవలెను. అట్టి పరీక్ష ఆనాడు లేదు. పరీక్ష పుట్టిన తరువాత కూడ, దానిని వైద్యము నేర్చుకొనవచ్చిన పిల్లలకు మొదటిరోజుననే చేసి చూడవలెనని తోచుటకు మరికొంత కాలము పట్టినది. తోచిన నాడు ఆసుపత్రులు ఎంతోకాలముగా నమ్మిన నమ్మకమొకటి కూలిపోయినది.

మందుగా ఓడి, పరీక్షగా నిలిచినది

1882 మార్చి 24 వ తేదీన బెర్లిను నగరములో రాబర్ట్ కాఖ్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించెను. క్షయ అంటువ్యాధి యని దీనితో ఋజువైనది. 1890 లో అతడే క్షయక్రిములను పెంచి, వాటినుండి తీసిన సారమును క్షయకు మందుగా ప్రకటించెను. దానికే ట్యుబర్‌క్యులిన్ అని పేరు. ఐరోపా నలుమూలలనుండి రోగులు బెర్లినుకు తరలిరి. కాని ఆ మందు రోగమును కుదుర్చలేదు; కొందరికి కీడే చేసినది.

అయినను ఆ సారమున ఒక గుణము కలదు. క్షయక్రిమి ఎన్నడును సోకని మనుష్యునికి దానిని స్వల్పముగా ఎక్కించినచో ఏమియు జరుగదు. ఒకసారి సోకిన మనుష్యునికి ఎక్కించినచో చర్మము ఎర్రబడి, గట్టిపడి, ఉబ్బును. దేహములోని కొన్ని తెల్లరక్తకణములు పాత శత్రువును గుర్తుపెట్టుకొని, దాని వాసన తగిలినంతనే అక్కడకు చేరుటయే ఇందుకు కారణము. 1907 లో వియన్నా నగర వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే చర్మముపై చిన్న గీత గీసి, దానిపై ట్యుబర్‌క్యులిన్ చుక్క వేసి పరీక్షించు పద్ధతిని ప్రకటించెను. మరుసటి ఏట ఫ్రాన్సులో షార్ల్ మాంతూ సన్నని సూదితో చర్మపు పొరలోనికే దానిని ఎక్కించు పద్ధతిని తెచ్చెను. నేటికిని వాడుకలో ఉన్న మాంతూ పరీక్ష ఇదియే. ముంజేతిపై 0.1 మిల్లీలీటరు ఎక్కించి, 48 నుండి 72 గంటల లోపల గట్టిపడిన భాగము అడ్డుకొలతను మిల్లీమీటర్లలో కొలిచెదరు. ఎరుపును లెక్కింపరు, గట్టిదనమునే లెక్కింతురు.

ఈ పరీక్షతో వైద్యులకు ఒక కొత్త సంగతి తెలియవచ్చినది. దగ్గు లేదు, జ్వరము లేదు, బరువు తగ్గలేదు. అయినను చేయి ఉబ్బును. అనగా క్రిమి లోపల ఉన్నది, రోగము లేదు. దీనినే గుప్తక్షయ అందురు. ఊపిరితిత్తులలో ప్రవేశించిన క్రిముల చుట్టు రక్షకకణములు కోటవలె కట్టి వాటిని అణచియుంచును. అట్టివారు ఇతరులకు రోగమును అంటింపరు. కాని ఆ కోట ఎన్నడైన బీటలు వారవచ్చును. గుప్తక్షయ గలవారిలో నూటికి 5 నుండి 10 మందికి జీవితకాలములో రోగము బయటపడును. అందులో ఎక్కువ భాగము క్రిమి సోకిన మొదటి కొన్ని ఏండ్లలోనే. నేడు ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగవ వంతు మందికి ఈ క్రిమి సోకియున్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా.

ఆసుపత్రికి అనుకూలించిన వాదము

కాఖ్ తన క్రిమిని ప్రకటించిన 1882 లోనే లండనులోని బ్రాంప్టన్ ఛాతీవ్యాధుల ఆసుపత్రి వైద్యుడు థియొడోర్ విలియమ్స్ ఒక లెక్క ప్రచురించెను. క్షయరోగులు నిండియున్న ఆ ఆసుపత్రిలో ఏండ్ల తరబడి పనిచేసిన డాక్టర్లకు, నర్సులకు క్షయ వచ్చుట అరుదు అని దాని సారాంశము. దీనినిబట్టి ఆసుపత్రిలో క్షయభయము లేదని చాలమంది ధైర్యము చెప్పుకొనిరి.

పిర్కే పరీక్ష వచ్చిన పిమ్మట ఈ ధైర్యమునకు మరొక ఆధారము దొరికినది. వియన్నా వంటి పెద్ద నగరములలో బడిపిల్లలు యౌవనములోనికి వచ్చుసరికి దాదాపు అందరి చేతులును ఉబ్బినవి. కావున పెద్దవారందరికిని క్రిమి చిన్ననాడే సోకియుండునని వైద్యులు తలంచిరి. అందరికిని ముందే సోకియున్నప్పుడు ఆసుపత్రి కొత్తగా చేయు హాని యేమి? ఏ నర్సు విద్యార్థినికైన క్షయ వచ్చినచో, అది చిన్ననాటి క్రిమి పనిభారము వలన మేల్కొనుటయే యని చెప్పి ఊరకుండిరి. తప్పు ఆసుపత్రిది కాదు. ఆ పిల్ల ఇంటినుండి తెచ్చుకొన్నది!

ఈ వాదములో ఒక లోపము కలదు. ఆ పిల్ల ఇంటినుండి నిజముగా తెచ్చుకొన్నదో లేదో ఎవరును చూడలేదు.

క్రిస్టియానియాలో కొలత

నార్వే రాజధానికి 1924 లో క్రిస్టియానియా అని పేరు. మరుసటి ఏటినుండి దానినే ఆస్లో అని పిలిచిరి. ఆ నగరములోని ఉల్లెవోల్ ఆసుపత్రి చాల పెద్దది. దానికి అనుబంధమైన నర్సు పాఠశాలలో శిక్షణ మూడేండ్లు. ఆ ఆసుపత్రి వైద్యుడు యోహానెస్ హైంబెక్ 1924 నుండి, పాఠశాలలో చేరిన ప్రతి విద్యార్థినికి చేరిన వెంటనే పిర్కే పరీక్ష చేయ మొదలిడెను. పరీక్ష చాల సులభమైనది. ఫలితము మాత్రము ఎవరును ఊహింపనిది.

అందరికిని ముందే సోకియుండవలెనను సిద్ధాంతము ప్రకారము అందరి చేతులును ఉబ్బవలెను. కాని సుమారు సగము మంది చేతులు ఉబ్బలేదు. నార్వేలో అప్పటికి క్షయ తగ్గుముఖము పట్టియుండుటచే, క్రిమి తాకిడి లేకయే ఇరువదేండ్లు నిండిన యువతులు ఎందరో ఉండిరి. వారు శుభ్రమైన ఊపిరితిత్తులతో ఆసుపత్రిలో అడుగుపెట్టిరి. శిక్షణ ముగియునప్పటికి వారిలో దాదాపు అందరును పాజిటివ్ అయిరి.

అంతకంటె గంభీరమైన సంగతి మరొకటి. చేరునాటికే పాజిటివ్‌గా ఉన్నవారిలో క్షయరోగము అరుదుగా కనబడినది. నెగటివ్‌గా చేరినవారిలోనే అనేకులు జబ్బుపడిరి. ఊపిరితిత్తుల పొరలో నీరు చేరినవారు, కాళ్లపై ఎర్రని గడ్డలు లేచినవారు, నిజమైన క్షయ ముదిరినవారు, చివరకు మరణించినవారు కూడ అందులో ఉండిరి. పాత సిద్ధాంతము ప్రకారము రోగభయము పాజిటివ్ వారికే ఉండవలెను. ఉల్లెవోల్ లెక్కలలో అది తలక్రిందులైనది. ఆరోగ్యముగా వచ్చిన పిల్లలకే ఆసుపత్రి ఎక్కువ ప్రమాదకరము.

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో స్క్రూగేజీతో తీగను కొలుచుటకు ముందు శూన్యదోషము చూచుకొనవలెనని విద్యార్థులకు నేర్పుదురు. ఖాళీగా ఉన్నప్పుడు ఎంత చూపుచున్నదో తెలియనిచో, తరువాతి కొలతకు అర్థము లేదు. హైంబెక్ చేసినదియు అదియే. మొదటిరోజు కొలత చేతిలో ఉండుటచే మూడేండ్ల తరువాతి కొలతకు అర్థము వచ్చినది. రోగము ఇంటినుండి వచ్చినదను మాట ఇక చెల్లలేదు.

టీకాయా, పరీక్షయా?

కనుగొన్న తరువాత ఊరకుండుట ఎట్లు? ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అను శాస్త్రజ్ఞులు పశువుల క్షయక్రిమిని 13 ఏండ్లు వరుసగా 230 సార్లు మార్చి మార్చి పెంచి, రోగము కలిగించు శక్తిని పోగొట్టిరి. వారి పేర్లతోనే బి.సి.జి. టీకా ప్రసిద్ధమైనది. 1921 లో దానిని మొదటిసారి ఒక శిశువునకు నోటిద్వారా ఇచ్చిరి. చేరునాటికి పాజిటివ్‌గా ఉన్నవారికి కొంత రక్షణ ఉన్నట్లు చూచిన హైంబెక్, నెగటివ్ వారికి ఆ రక్షణనే హానిలేని క్రిమితో కల్పింపవచ్చునని భావించి, 1927 నుండి విద్యార్థినులకు, వారి ఇష్టముపైననే, బి.సి.జి. సూది ద్వారా ఇచ్చెను. టీకా వేయించుకొన్నవారిలో జబ్బు తక్కువగా కనబడినది. అయితే వేయించుకొనుట స్వచ్ఛందము గనుక, వేయించుకొన్నవారిని వేయించుకొననివారిని సరిగా సరిపోల్చుట కష్టమని విమర్శకులు పలికిరి. ఇంతలో 1930 లో జర్మనీలోని ల్యూబెక్ నగరములో ఘోరము జరిగినది. ప్రయోగశాలలో టీకాతో నిజమైన క్షయక్రిములు కలిసిపోయి 72 మంది శిశువులు మరణించిరి. తప్పు టీకాది కాకపోయినను భయము దేశదేశములకు వ్యాపించినది.

అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆర్థర్ మైయర్స్ కూడ నర్సు విద్యార్థినులకు, వైద్యవిద్యార్థులకు ట్యుబర్‌క్యులిన్ పరీక్షలు చేయించి, ప్రమాదము నిజమేనని ఒప్పుకొనెను. కాని బి.సి.జి. ని అతడు గట్టిగా వ్యతిరేకించెను. టీకా వేసినచో చేయి ఎట్లును ఉబ్బును. ఆ తరువాత అసలు క్రిమి సోకినను తెలియదు. ఉన్న ఒక్క గంటను మనమే మూగదానిని చేసికొనుట తగునా యని అతని వాదము. రోగులను వెదకి వేరుచేయుట, ఆసుపత్రిలో కట్టుదిట్టములు చేయుట, నెగటివ్ విద్యార్థులను తరచుగా పరీక్షించుట ఇవే అతడు చెప్పిన మార్గములు. నార్వే పిల్లలకు కవచము తొడిగినది. మిన్నెసోటా కావలి పెట్టినది. వైద్యవిద్యార్థులను కాపాడుటలో ఈ రెండు మార్గముల వివాదము నేటికిని పూర్తిగా తీరలేదు.

ఇంగ్లండులో రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్స్ ఆధ్వర్యవమున 1935 నుండి 1944 వరకు, యుద్ధకాలములో కూడ ఆగక, ప్రాఫిట్ సర్వే అను పెద్ద పరిశోధన జరిగినది. నర్సులు, వైద్యవిద్యార్థులు మొదలగు సుమారు పదివేల మంది యువజనులను పరీక్షలతోను ఎక్స్-రేలతోను వెంబడించిరి. 1948 లో వెలువడిన నివేదిక ఉల్లెవోల్ పాఠమును బలపరచినది: నెగటివ్‌గా ఆసుపత్రిలో చేరిన నర్సులకు ప్రమాదము అధికము.

గాలి, మందు

క్రిమి విద్యార్థిని ఎట్లు చేరుచున్నది? పాత్రల వలననా, దుప్పట్ల వలననా, గాలి వలననా? 1950 ల చివరలో అమెరికాలోని బాల్టిమోర్ నగరమున రిచర్డ్ రైలీ బృందము ఆరుగురు క్షయరోగులు ఉండు వార్డులోని గాలిని గొట్టముల ద్వారా పైకప్పుమీది గదిలోని గినీపందుల బోనులకు పంపిరి. రోగులకును ఆ జంతువులకును గాలి తప్ప మరి సంబంధము లేదు. అయినను నెలనెలా కొన్ని జంతువులకు క్షయ సోకెను. దగ్గినప్పుడు వెలువడు తుంపరలు ఎండి, అతి సూక్ష్మకణములై గంటల తరబడి గాలిలో తేలుచు ఊపిరితిత్తుల లోతులకు చేరునని తేలినది. కిటికీలు తెరచి గాలి బాగుగా ఆడనిచ్చుట, దగ్గు గల రోగికి వెంటనే పరీక్ష చేసి వేరుగా ఉంచుట, అతినీలలోహిత కిరణ దీపములు పెట్టుట మొదలగు ఉపాయములకు శాస్త్రీయమైన పునాది ఇదియే.

1952 లో ఐసోనియాజిడ్ అను మందు వాడుకలోనికి వచ్చినది. రోగులకే గాక, రోగము లేక క్రిమి మాత్రమే ఉన్నవారికి ఇచ్చినను అది తరువాత రాగల రోగమును చాలవరకు ఆపునని అమెరికా ప్రజారోగ్యశాఖ పరిశోధనలు నిరూపించినవి. దీనితో పరీక్షకు కొత్త విలువ వచ్చినది. పూర్వము పాజిటివ్ అని చెప్పిన తరువాత వైద్యుడు చేయగలిగినది కనిపెట్టియుండుట మాత్రమే. ఇప్పుడు మందు ఇవ్వగలడు. ఆ మందును నెలల తరబడి ప్రతిరోజు మ్రింగవలసియుండెను. 2011 లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన, ఐసోనియాజిడ్‌తో రిఫాపెంటీన్ కలిపి వారమునకొకసారి చొప్పున 12 మోతాదులు ఇచ్చినను సరిపోవునని చూపినది.

మదనపల్లె నుండి వెల్లూరు వరకు

మన దేశములో ఈ చరిత్ర ఒక తెలుగు ఊరిమీదుగా నడచినది. నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె సమీపమున 20 వ శతాబ్దము రెండవ దశకములో వెలసిన ఆరోగ్యవరము శానిటోరియము దక్షిణ భారతమున క్షయచికిత్సకు పేరొందినది. ఈ దేశములో బి.సి.జి. టీకా మొదట మదనపల్లెలో 1948 లో ప్రారంభమైనది. అక్కడి వైద్యుడు ఫ్రిమొట్-మోలర్ చుట్టుపట్ల గ్రామములలో ట్యుబర్‌క్యులిన్ పరీక్షలు చేసి, టీకా ఫలితములను ఏండ్ల తరబడి గమనించెను.

పిమ్మట 1968 లో తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాలో లక్షలాది ప్రజలపై బి.సి.జి. పరీక్ష ఆరంభమైనది. 1979 లో ఫలితములు ప్రకటింపబడగా వైద్యలోకము నివ్వెరపోయినది. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా అక్కడ ఆపలేదు. ఇంగ్లండు బడిపిల్లలలో చక్కగా పనిచేసిన టీకా ఇక్కడ పనిచేయలేదు. పసిబిడ్డలలో మెదడు పొరలకు వచ్చు ప్రాణాంతక క్షయనుండి రక్షించును గనుక బి.సి.జి. శిశువులకు ఇచ్చుట నేటికిని కొనసాగుచున్నది. కాని దక్షిణ భారతపు నర్సు విద్యార్థినికి హైంబెక్ తొడిగిన కవచము చాలదని తేలిపోయినది. ఆమెకు మిగిలిన రక్ష పరీక్ష, మంచి గాలి, మందు.

మరి ఆమెకు ప్రమాదము ఎంత? వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజిలో 2007 లో 436 మంది నర్సు విద్యార్థులకు మాంతూ పరీక్ష చేసిరి. 217 మంది నెగటివ్. అనగా సుమారు సగము. 1924 లో క్రిస్టియానియాలో దొరికిన పాలును దాదాపు అంతే. 2008 లో నెగటివ్ వారికి తిరిగి పరీక్ష జరుపగా 14 మందికి కొత్తగా చేయి ఉబ్బినది. లెక్క వేయగా ఏడాదికి నూటికి దాదాపు 8 మందికి క్రిమి సోకుచున్నదని వచ్చినది. అప్పటి దేశ సగటు నూటికి 1.5. అనగా అదే వయస్సులో చదువుకొనవచ్చిన విద్యార్థికి ఆసుపత్రిలో సోకు అవకాశము సామాన్య ప్రజలకంటె సుమారు ఐదు రెట్లు.

వెల్లూరులో మొదటి పరీక్షను రెండుసార్లు చేసిరి. దీనికి కారణము కలదు. ఎన్నడో చిన్ననాడు క్రిమి సోకినవారిలో రక్తకణముల జ్ఞాపకము మందగించి, మొదటిసారి చేయి ఉబ్బకపోవచ్చును. కాని ఆ సూదియే జ్ఞాపకమును మేల్కొలుపును. కొద్దివారములలో రెండవ సూది వేసినచో ఉబ్బును. ఈ రెండవ సూదిని చేరిన వెంటనే వేయక మరుసటి ఏడు వేసినచో, పాత క్రిమిని కొత్తదనుకొని ఆసుపత్రిపై అన్యాయముగా నింద మోపవలసివచ్చును. శూన్యదోషమును సరిగా చూచుట అన్న ఇదియే.

రక్తపరీక్ష, దాని పరిమితి

మైయర్స్ భయపడిన చిక్కునకు జవాబు చాలకాలమునకు దొరికినది. బి.సి.జి. క్రిమి ప్రయోగశాలలో తరతరములుగా పెరుగుటలో తన జన్యుపదార్థములో కొంత భాగమును పోగొట్టుకొన్నదని 1990 లలో కనుగొనిరి. ఆ భాగము తయారుచేయు కొన్ని ప్రోటీనులు అసలు క్షయక్రిమిలో ఉండును, టీకాలో ఉండవు. రక్తమును ఆ ప్రోటీనులతో కలిపి, తెల్లకణములు గామా ఇంటర్‌ఫెరాన్ అను పదార్థమును విడుచుచున్నవో లేదో చూచినచో, టీకాకును అసలు క్రిమికిని తేడా తెలియును. ఆ ప్రోటీనులతోనే చేయు చర్మపరీక్షలను కూడ ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022 లో ఆమోదించినది.

మహారాష్ట్రలోని సేవాగ్రామ్ వైద్యకళాశాల ఆసుపత్రిలో 2004 లో విద్యార్థులతో సహా 726 మంది సిబ్బందికి చర్మపరీక్షను రక్తపరీక్షను రెంటిని చేయగా, ఏదో ఒకదానిలో పాజిటివ్ అయినవారు సగము మంది. అయితే రక్తపరీక్షయు నిర్దోషి కాదు. హద్దునకు సమీపముగా ఉన్న ఫలితము ఒక ఏడు అటు, మరొక ఏడు ఇటు మారుచుండుట కలదు. క్షయ అరుదైన అమెరికాలో ఏటేటా అందరిని పరీక్షించుట వలన నిజమైన సంక్రమణకంటె పొరపాటు ఫలితములే ఎక్కువగా వచ్చినవి. కావున 2019 లో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రము తన సలహాను మార్చుకొనినది. ఆరోగ్యసిబ్బందికి ఏటేటా పరీక్ష మామూలుగా అవసరము లేదు. రోగితో సంపర్కము కలిగినప్పుడు చేసిన చాలును. కాని పనిలో చేరిన మొదటి పరీక్ష మాత్రము అందరికిని ఉండవలెను. క్షయ హెచ్చుగా ఉన్న దేశములకు, వెల్లూరు లెక్కనుబట్టి చూడగా, ఆ సడలింపు వర్తింపదు.

పరీక్షింపబడిన విద్యార్థి పాజిటివ్ అయినంత మాత్రమున రోగి కాడు. అతనిని వెలివేయుటకు గాని, చదువు మాన్పించుటకు గాని అది కారణము కారాదు. ఎక్స్-రే తీసి, రోగము లేదని నిర్ణయించుకొని, అవసరమైనచో మందు ఇచ్చుటకే ఆ పరీక్ష. నెగటివ్ అయినచో అది ఆసుపత్రికి అప్పగింపు పత్రము వంటిది. ఈ యువతి ఆరోగ్యముగా మీ వాకిట అడుగుపెట్టినది, మూడేండ్ల తరువాత అట్లే తిరిగి పంపవలెనని దానిపై వ్రాసియున్నట్లు భావింపవలెను. నేడు ఉన్నతపాఠశాలలలో కూర్చున్న బాలబాలికలలో కొందరు రేపు నర్సులు, డాక్టర్లు, ప్రయోగశాల సహాయకులు కాగలరు. కళాశాలలో చేరిన మొదటిరోజున ముంజేతిపై పడు ఆ చిన్న సూది ఎందులకో, దాని వెనుక ఉల్లెవోల్ పిల్లలు చెల్లించిన మూల్యమెంతో వారికి ముందే తెలిసియుండుట మంచిది.